తేదీ వేసిన పద్దు



ఈ రజతోత్సవ సభలో భారతకథ యేదైన చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను ఊరి లెక్కలు వ్రాసికొను వాడను. బడిచదువు కొంచెము, ఈ గ్రంథాలయపు బీరువాలే నాకు గురువులు. కనుక లెక్కలవానికి తగినట్లు ఆకాశపు పద్దు నొకదానిని విన్నవించెదను.

2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము పది గంటలకు శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టును మీలో పలువురు చూచియే యుందురు. ఆ దీవి 2022 వఱకు మన నెల్లూరు జిల్లాలోనిదే. ఆ రాకెట్టు భూమికి 650 కిలోమీటర్ల యెత్తున నిలిపినది ఆస్ట్రోశాట్ అను మన దేశపు తొలి అంతరిక్ష వేధశాలను.

మహానక్షత్రము తన బరువునకే తాను కూలునపుడును, రెండు న్యూట్రాను తారలు ఢీకొనునపుడును గామా కిరణములు ఉప్పెనవలె వెలువడును. క్షణములలోనో నిమిషములలోనో అణగిపోవును. గాలిపొర వానిని నేలకు రానీయదు. కావున కావలివాడు మింటనే యుండవలెను. అణుపరీక్షలను కనిపెట్టుటకై అమెరికావారు పంపిన వేలా ఉపగ్రహములకు 1967లో ఈ మెఱుపు తొలిసారి అనుకొనకుండ చిక్కినది. మెఱుపు పోయిన పిదపను, ఎగజిమ్మిన ద్రవ్యము చుట్టునున్న వాయువును ఒరసికొని కొన్నినాళ్లు వెలుగుచుండును. దానిని మలికాంతి యందము. 1997 ఫిబ్రవరి 28 నాటి మెఱుపునకు బెప్పోశాక్స్ ఉపగ్రహము మొదటిమాఱు మలికాంతిని పట్టినది. ఇట్టి మలికాంతుల వలననే ఈ మెఱుపులు మన పాలపుంతకు ఎంతయో ఆవలివని తేలినది.

ఆస్ట్రోశాట్‌లోని సి.జెడ్.టి.ఐ. అను పరికరమునందు కాడ్మియము, జింకు, టెల్లూరియము కలిసిన పలకలున్నవి. వానికి చిక్కిన ప్రతి కిరణమును వేళతో సహా పద్దునకెక్కును. లెక్క హఠాత్తుగా పెరిగిన మెఱుపు వచ్చెనేమోయని చూతురు. బలమైన కిరణములకు పరికరపు గోడలు తడికలవంటివి. ప్రక్కలనుండి వచ్చినను తప్పిపోవు. పరికరమును తెఱచిన దినముననే, అనగా 2015 అక్టోబరు 6న, ఒక మెఱుపు చిక్కినది. 2023 నవంబరు నాటికి లెక్క ఆరువందలు దాటినది.

ఇక నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. పూర్వమొకప్పుడు ఒకే పేరుగల ఇద్దరు ఒకే మొత్తము పన్నును వరుసగా రెండు దినములలో చెల్లించిరి. నేను రెండు రసీదులను ఒకరి ఖాతాకే వ్రాసితిని. రెండవవాడు నిరుపేద, అతనికి బాకీ తాఖీదు పోయినది. అతడు వణకుచు రసీదు చూపి “అయ్యా, తేదీ చూడండయ్యా” అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

శాస్త్రజ్ఞులకును ఇట్టి చిక్కే వచ్చినది. 2017 జనవరి 4న రెండు కృష్ణబిలములు కలిసినందున పుట్టిన గురుత్వ తరంగములు అమెరికాలోని లైగో యంత్రములకు అందినవి. అవి వచ్చిన దిక్కుననే హవాయిలోని అట్లాస్ దూరదర్శనికి వడివడిగా ఆఱిపోవుచున్న వెలుగొకటి కనబడినది. అది ఆ కృష్ణబిలములదే యైన లోకమున కొక వింతయే. ఆస్ట్రోశాట్ పద్దు తీసి చూచిరి. 4వ తేదీన తరంగములు వచ్చిన వేళకు మెఱుపు లేదు. 5వ తేదీన వేఱొక గామా మెఱుపున్నది. ఆ వెలుగు దానికి మలికాంతి యని, దిక్కు కలియుట కాకతాళీయమని తేల్చిరి. ఎవరి సొమ్ము వారి ఖాతాకు చేరినది.

అదే సంవత్సరము ఆగస్టు 17న మఱియొకమాఱు తరంగములు వచ్చినవి. అవి ముగిసిన 1.7 సెకండ్లకు ఫెర్మి ఉపగ్రహమునకు గామా మెఱుపు కనబడినది. ఈసారి దిక్కును కలిసినది, వేళయు కలిసినది. న్యూట్రాను తారలు కలియుటచే మెఱుపు పుట్టునని అప్పుడు రుజువైనది.

భారతము వదలి నేనుండలేను. తాండ్రచెట్టు ఆకులను కాయలను ఋతుపర్ణుడు చూచినంతనే లెక్క చెప్పెను. నలుడు తాను ఎంచి చూచుకొనిన పిదపనే నమ్మెను. ఋతుపర్ణుని చూపు మన యంత్రములకు వచ్చినది; నలుని ఓపిక మన పిల్లలకు రావలెను.

కావున కార్యదర్శిగారికి నా విన్నపము రెండు మాటలు. ఖగోళశాస్త్రమునకు ఈ గ్రంథాలయమున ఒక అర కేటాయింపుడు. పుస్తక మిచ్చునపుడు తేదీ వేయుట మఱువకుడు. సెలవు.