మూసీ నీటికి చిన్నప్రాణి పరీక్ష

మలక్‌పేట నుంచి అంబర్‌పేటకు మూసారాంబాగ్ వంతెన దాటేవారికి మూసీ వాసన తెలుసు. నీటిలో కరిగిన రాగి, జింకు, కాడ్మియం మాత్రం కంటికి కనబడవు. వాటి మోతాదును యంత్రం కొలుస్తుంది; అది ప్రాణికి ఎంత విషమో ప్రాణి మీదే తేలాలి.

అందుకు ప్రపంచమంతటా వాడేది డాఫ్నియా అనే నీటిజీవి. దీని ఒళ్లు పారదర్శకం. సూక్ష్మదర్శినిలో గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. పుట్టి 24 గంటలు దాటని పిల్లలను మోతాదుకు 20 చొప్పున లోహం కలిపిన నీటిలో వదులుతారు. పోల్చడానికి లోహం కలపని నీటిలోనూ కొన్నిటిని ఉంచుతారు. 48 గంటల తర్వాత పాత్రను మెల్లగా కదిపి, 15 సెకన్లలో ఈదలేని వాటిని లెక్కిస్తారు. సగం పిల్లలు కదలలేకపోయిన మోతాదే కొలమానం.

నీటి గుణాన్ని బట్టి ఫలితం మారుతుంది. కఠినజలంలోని కాల్షియం లోహంతో పోటీపడి దాన్ని ఒంట్లోకి తేలిగ్గా పోనివ్వదు. అందుకే అదే రాగి మెత్తని నీటిలో ఎక్కువ హాని చేస్తుంది. కాబట్టి మన నదిని మన నది నీటితోనే పరీక్షించాలి.

డాఫ్నియా నాచును తింటుంది, చేపలకు ఆహారమవుతుంది. అది బతకలేని నీటిలో చేపకూ తిండి కరువే. మూసీ శుద్ధిని రసాయన లెక్కలతోపాటు ఈ పరీక్షతోనూ తూచాలి.