పొలం ఓరలు ఎవరివి?

(రేడియో ప్రసంగ పాఠం)

  ఈ దినం మన ధ్యానానికి లేవీయకాండము 19వ అధ్యాయము తీసుకుందాము. బైబిలు దగ్గరుంటే తెరచి ఉంచుకోండి.

మా సంఘంలో ఒక విధవరాలు ఉన్నారు. డెబ్బై దాటిన వయసు. కీళ్ల జబ్బుకు రాయవేలూరు ఆసుపత్రిలో చూపించుకుంటారు. రాత్రి బండెక్కితే తెల్లవారి కాట్పాడిలో దిగాలి. 2020కి ముందు ఆమె టికెట్టు సగం ధరకు వచ్చేది. స్లీపరులో కింది బెర్తు మీద పడుకొని వెళ్లి వచ్చేవారు. కోవిడ్ తగ్గిన తరువాత మళ్లీ ప్రయాణం పెట్టుకొని, ఒక సాయంకాలం మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, టికెట్లు తీసే పిల్లవాడు రెట్టింపు చెబుతున్నాడు. మోసం చేస్తున్నాడేమో, మీరొకసారి అడిగి చూడండి" అన్నారు.

ఆ పిల్లవాడు మోసం చేయలేదు. "అమ్మా, ఆ రాయితీ తీసేశారు" అని నేనే చెప్పవలసి వచ్చింది. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే జనరల్లో పోతాను లెండి, ఒక్క రాత్రే కదా" అన్నారు. నేను ప్రార్థన చేసి పంపించాను. ఆ రాత్రంతా తలుపు దగ్గర కింద కూర్చుని, ఆసుపత్రి కాగితాల సంచి ఒళ్లో పెట్టుకొని వెళ్లారని తరువాత తెలిసింది. మరుసటి విడత ఆమె వెళ్లనే లేదు. పాత చీటీ మీదే మందులు కొనుక్కుంటున్నారు. ఎందుకు వెళ్లలేదని నేనూ అడగలేదు. ప్రార్థన చేశాను గదా అనుకున్నాను.

ప్రియులారా, అసలు జరిగినది ఏమిటో చెప్పుకుందాము. మన రైల్వేలు 60 ఏళ్లు నిండిన పురుషులకు 40 శాతం, 58 ఏళ్లు నిండిన స్త్రీలకు 50 శాతం టికెట్టు ధర తగ్గించేవి. కోవిడ్ వచ్చినప్పుడు, వృద్ధులు అనవసరంగా ప్రయాణం చేయకూడదని 2020 మార్చి 20న ఈ రాయితీని నిలిపివేశారు. ఆనాటికి అది తగిన పనే. అయితే రోగభయం పోయి బండ్లు మామూలుగా తిరిగిన తరువాత కూడా ఆ రాయితీ తిరిగి రాలేదు. పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘం స్లీపరులోను, మూడవ ఏసీలోను అయినా తిరిగి ఇచ్చే విషయం పరిశీలించమని సూచించింది. సుప్రీంకోర్టుకు వెళ్లినవారి పిటిషన్‌ను 2023 ఏప్రిల్‌లో కోర్టు కొట్టివేసింది. అది ప్రభుత్వం నిర్ణయించుకోవలసిన విషయమని చెప్పింది.

ఇప్పుడు మన వాక్యభాగానికి వద్దాము. ఈ అధ్యాయంలోనే న్యాయం తీర్చేటప్పుడు బీదవాడని ఒకరి పక్షము వహించవద్దని, గొప్పవాడని మరొకరిని గౌరవించవద్దని దేవుడు ఆజ్ఞాపించాడు. కాబట్టి రైల్వేల మాటను కూడా న్యాయంగా వినాలి. వారు చెప్పేదేమంటే, ప్రతి ప్రయాణికునికీ ఇప్పటికే రాయితీ ఉన్నది. 100 రూపాయలు ఖర్చయ్యే ప్రయాణానికి 2022-23లో సగటున 54 రూపాయలే తీసుకున్నాము. 2022-23లో ఈ విధంగా భరించినది 56,993 కోట్ల రూపాయలు. వికలాంగులలో నాలుగు తరగతులవారికి, రోగులలో పదకొండు తరగతులవారికి, విద్యార్థులకు రాయితీలు ఇస్తూనే ఉన్నాము. ఇది వారి జవాబు. దీనిని అబద్ధమని కొట్టివేయలేము. బండి నడవాలంటే ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. ఊరికే వచ్చేది ఏదీ లేదు.

మన వీధుల్లోనూ ఇదే వాదన. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. కూలికి వెళ్లే ఎందరో తల్లులకు అది మేలు చేసింది. అయితే జీతం తీసుకునే ముప్పై ఏళ్ల సహోదరికి టికెట్టు లేదు గాని, కర్ర పట్టుకొని వచ్చే డెబ్బై ఐదేళ్ల తాతకు టికెట్టు ఉన్నదేమిటని అడిగేవారున్నారు. మేము పన్ను కడుతుంటే వీళ్లు తిరుగుతున్నారని విసుక్కునేవారూ ఉన్నారు. మీరు కూడా ఈ మాటలు విని ఉంటారు. బహుశా అని కూడా ఉంటారు. ఇంతకూ ఈ రాయితీ అనేది భిక్షమా, హక్కా?

దేవుడు ఈ అధ్యాయంలో ఒక రైతుతో మాట్లాడుతున్నాడు. పంట కోసేటప్పుడు పొలం ఓరల దాకా కోయవద్దు, రాలిన వెన్నులు ఏరుకోవద్దు, అవి బీదలకును పరదేశులకును విడిచిపెట్టమన్నాడు. మన పల్లెల్లో పరిగె ఏరుకోవడం ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ఇందులో మూడు సంగతులు గమనించండి.

మొదటిది, పొలం రైతుదే. దున్నినది, విత్తినది అతడే. దేవుడు అతని కష్టాన్ని తీసివేయలేదు. అయితే ఓరలు మాత్రం అతనివి కావని ముందే చెప్పాడు. కోత అయిన తరువాత మిగిలితే పెట్టమనలేదు, కోయకముందే విడిచిపెట్టమన్నాడు. లెక్కలన్నీ చూసుకొని మిగిలితే వృద్ధులకు ఇద్దామంటే ఏ సంవత్సరమూ మిగలదు. ఇది రైల్వేలకు ఎంత నిజమో మన ఇంటి ఖర్చులకూ అంత నిజము.

రెండవది, ఏరుకునేవారు చేయి చాపనక్కరలేదు. రూతు బోయజు పొలానికి వెళ్లినప్పుడు తన చేతులతో ఏరుకొని, తానే దుళ్లగొట్టుకొని, అత్తకు తెచ్చి పెట్టింది. ఆమె మర్యాద పోలేదు. సగం టికెట్టు కొనుక్కున్న మా సంఘపు పెద్దావిడ కూడా అటువంటిదే. తన డబ్బుతో కొనుక్కున్నారు, కిటికీ దగ్గర ఎవరినీ బతిమాలలేదు. ఆ రాయితీ పోయిన తరువాత ఆమెకు మిగిలిన దారి ఎవరినైనా అడగడమే. అడగలేక మానుకున్నారు. మనం తీసివేసినది కొన్ని రూపాయలే అనుకుంటాము. ఆమె దగ్గరనుండి పోయినది ఎవరినీ అడగకుండా వైద్యుని దగ్గరకు వెళ్లగలిగే స్వేచ్ఛ.

మూడవది, హక్కు ఉన్నవాడే దానిని వదులుకోగలడు. 2016లో రైల్వేలు ఈ రాయితీని కోరుకున్నవారికే ఇచ్చే పద్ధతి పెట్టాయి. 2017లో అక్కరలేనివారు సగం గాని, పూర్తిగా గాని వదులుకోవచ్చని ఏర్పాటు చేశాయి. ఎంత మంచి పద్ధతి! పౌలు అపొస్తలునికి సంఘము చేత పోషించబడే హక్కు ఉన్నది. అయినా కొరింథులో ఆయన ఆ హక్కును వాడుకోలేదు. అది ఆయన ప్రేమ. ఆ హక్కును ముందే ఎవరో లాగివేసుకొని ఉంటే ఆయన వదులుకోవడానికి ఏముండేది? పిల్లలు అమెరికానుండి డబ్బు పంపుతున్న పెద్దలు, మంచి పింఛను వచ్చే పెద్దలు మనలో ఉన్నారు. మీరు సంతోషంగా వదులుకోండి. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వృద్ధుల పింఛను 4,000 రూపాయలు చేశారు. ఆ పింఛను మీదే బ్రతికేవారిని, మీలాంటివారిని ఒకే గాటన కట్టి అందరి దగ్గరా తీసివేయడం న్యాయం కాదు.

"పిల్లలున్నారు గదా, వారు చూసుకోవద్దా?" అని కొందరు అడుగుతారు. చూసుకోవాలి. తల్లిదండ్రులకు ప్రత్యుపకారం చేయడం మొదట ఇంటివారి పని అని తిమోతికి పౌలు వ్రాశాడు. మన దేశంలో 2007లో చేసిన చట్టం కూడా తల్లిదండ్రుల పోషణను పిల్లల మీద పెట్టింది. రైల్వేలను అడిగే కుమారుడు ముందు తన తల్లి టికెట్టు తాను కొన్నాడా అని చూసుకోవాలి. అయితే పిల్లలు లేనివారి మాటేమిటి? ఉన్నా పట్టించుకోనివారి తల్లుల మాటేమిటి? అటువంటివారికే గదా పొలం ఓరలు.

ఇదే అధ్యాయంలో ఇంకా రెండు ఆజ్ఞలున్నాయి. ఒకటి, చెవిటివానిని తిట్టవద్దు, గ్రుడ్డివాని దారిలో అడ్డం వేయవద్దు. రెండవది, తల నెరసినవాని ముందు లేచి నిలబడు. ఈ రెండింటి చివరా దేవునికి భయపడమని ఉన్నది. ఎందుకంటే చెవిటివానికి మన తిట్టు వినబడదు, గ్రుడ్డివానికి అడ్డం వేసినవాడు కనబడడు. చూసేవాడు దేవుడొక్కడే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం బస్సులో, వికలాంగులకు అని వ్రాసి ఉన్న సీటులో కూర్చున్నాను. మధ్యలో ఒక యువకుడు ఎక్కాడు. కాలికి ఇనుప పట్టీలున్నాయి. పాసు తీసి చూపించాడు. వెనకనుండి ఎవరో, "పాసుల వాళ్లకు మళ్లీ సీట్లు కూడానా" అన్నారు. ఆ యువకుడు వినబడనట్టే కడ్డీ పట్టుకొని నిలబడ్డాడు. నేను కళ్లు మూసుకున్నాను. నిద్రపోవడం లేదు. ఆదివారపు ప్రసంగం ఆలోచించుకుంటున్నాను. లేచి నిలబడమని దేవుడు చెప్పిన రెండు మాటలు పుస్తకంలో చదివినవాడిని, పైన గోడ మీద కూడా వ్రాసి ఉన్నవాడిని, లేవలేదు. అతడు దిగిపోయిన తరువాత నేను ఏ ప్రసంగం తయారు చేశానో ఇప్పుడు జ్ఞాపకం లేదు. ఆ ఇనుప పట్టీల చప్పుడు జ్ఞాపకమున్నది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లో 21 విధాల వైకల్యాలను గుర్తించింది. రైల్వే రాయితీ అందేది నాలుగు తరగతులకే. ఆ చట్టం ప్రయాణ సౌకర్యం వికలాంగుల హక్కు అని చెబుతున్నది. అయినా తోడు లేకుండా వెళ్లగలిగిన కాలు లేని మనిషి ఆ నాలుగింటిలో లెక్కకు రాడు. కష్టపడి ఒంటరిగా నడవడం నేర్చుకున్నందుకు అతనికి రాయితీ పోయింది. దీనిని గురించి అడగడం రాజకీయం కాదు, పొరుగువాని పట్ల ప్రేమ. పొరుగువానిని ప్రేమించమనే గొప్ప ఆజ్ఞను మన ప్రభువు తీసుకున్నది ఈ అధ్యాయంలోనుండే గదా!

అయితే సంఘమా, ప్రభుత్వాన్ని అడిగేముందు మన గుమ్మం చూద్దాము. మా ఆలయానికి ఐదు మెట్లున్నాయి. చక్రాల కుర్చీలో వచ్చే ఒక సహోదరుడు చాలాకాలం వేపచెట్టు కింద కూర్చుని, మైకులో వాక్యం విని, ప్రభురాత్రి భోజనం బయటే తీసుకొని వెళ్లేవాడు. ఆయనకు అక్కడే బాగుంటుందని మేమనుకున్నాము. ఎవరమూ అడగలేదు. బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పడియున్న మనిషి ప్రభువుతో చెప్పుకున్న బాధ, తనను నీళ్లలోకి దించే మనిషి లేడనే. అతని చుట్టూ మనుషులు లేరా? ఉన్నారు. దించేవారే లేరు. కపెర్నహూములో పక్షవాత రోగికి మాత్రం నలుగురు దొరికారు. దారి లేకపోతే ఇంటి కప్పు విప్పారు. మేము కప్పు విప్పనక్కరలేకపోయింది. మెట్ల పక్కన సిమెంటుతో ఒక ఏటవాలు దారి కట్టాము. ఆ ఆదివారం ఆ సహోదరుడు లోపలికి వచ్చినప్పుడు, ఇంత చిన్న పనికి ఇన్నేళ్లు పట్టిందేమని సిగ్గుపడ్డాము.

ప్రియ శ్రోతలారా, ఈ వారం మూడు పనులు చేయండి. మీ పార్లమెంటు సభ్యునికి ఒక ఉత్తరం వ్రాయండి. అందరికీ ఉచితం అడగనక్కరలేదు. స్లీపరులో వెళ్లే బీద వృద్ధులకైనా పాత రాయితీ ఇప్పించమని మర్యాదగా అడగండి. రెండవది, బస్సులోను రైలులోను తల నెరసినవారు, నిలబడలేనివారు ఎక్కితే మీరే ముందు లేవండి. కింది బెర్తు మీకు వచ్చినా వారికివ్వండి. మూడవది, మీ సంఘంలో ఎవరు ఆసుపత్రికి వెళ్లడం మానుకున్నారో, ఎవరు ఆలయానికి రావడం మానుకున్నారో ఇంటికి వెళ్లి అడగండి. ప్రార్థన చేసి పంపించవద్దు. ప్రార్థన చేసి తోడు వెళ్లండి.

మా పెద్దావిడ క్రిందటి విడత రాయవేలూరు వెళ్లి వచ్చారు. స్త్రీల సమాజమువారు టికెట్టు తీసి, ఒక సహోదరిని తోడు పంపారు. బయలుదేరే ముందు ఆమె నాతో, "మళ్లీ మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టలేను అయ్యగారూ. ఆ సగం టికెట్టే ఉంటే నా అంతట నేనే వెళ్లేదాన్ని" అన్నారు. ఆ మాట మన ప్రభుత్వం వినవలసిన మాట. వినిపించవలసినది మనమే.

ప్రార్థన చేసుకుందాము. పరలోకమందున్న మా తండ్రీ, మా పొలం ఓరలు మావి కావని మాకు జ్ఞాపకం చేయుము. దేశమును ఏలువారికి న్యాయమైన మనస్సును దయచేయుము. ఈ దినం ప్రయాణమై వెళ్లుచున్న వృద్ధులను, వికలాంగులను, రోగులను క్షేమముగా చేర్చుము. వారి ముందు లేచి నిలబడుటకు మాకు సిగ్గును, ప్రేమను అనుగ్రహింపుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.