బళ్లారి వీధిలో సారంగధరుడు

విద్యార్థులారా,

ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు 1886లో సరసవినోదినీ సభను నెలకొల్పినది మన బళ్లారిలోనే. తెలుగున తొలి విషాదాంత నాటకమని పేరొందిన వారి ‘విషాద సారంగధర’మును నేటి వేషములతో ఆడుదుమని మీరనగా మేము సంశయించితిమి. రాజరాజనరేంద్రుడు జీన్సు దుస్తుల కార్ఖానా యజమాని యట! (కిరీటముల అద్దె మాత్రము మిగిలినది.) సవతితల్లి చిత్రాంగి మోపిన నింద మారలేదు, తండ్రి విచారింపక దండించుటయు మారలేదు. కాలుసేతులు నరికించుటకు బదులేమి చూపుదురని యడిగితిమి.

“తండ్రి కొడుకును బడి మాన్పించుచు కాగితముపై సంతకము చేయునండీ” అంటిరి.

అట్టి సంతకముల క్రింద, బాలుని పిలిచి యొక్క మాటయైన నడుగక, మేమును పలుమారులు ముద్ర వేసియున్నాము. ఆ రంగమున ప్రధానోపాధ్యాయుని పాత్ర యున్నదట. మొగమాటముచే దానిని తీసివేయవలదు. ఆ వేషము మేమే కట్టుదుము.