మందు ఎందుకు వద్దంటోంది?

(పలాసలో స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మానసిక వ్యాధికి మందు వాడుతున్న స్త్రీ మాత్ర వేసుకోనంటే ఇంట్లో అందరూ ఒకే మాట అంటారు: "మళ్లీ తిరగబెట్టింది." ఎందుకు వద్దంటోందని అడిగేవారు తక్కువ. అడిగి చూస్తే ఆమె చెప్పే కారణాలు చాలావరకు ఆమె బతుకులోవే.

జీడిపప్పు పనికి వెళ్లే ఆమెకు చేతులు వణికినా, పగలు మగత కమ్మినా కూలి తగ్గుతుంది. స్కిజోఫ్రీనియాకు వాడే కొన్ని మందుల వల్ల నెలసరి ఆగవచ్చు, ఒళ్లు రావచ్చు. పిల్లలు లేరని మాటలు పడుతున్న కోడలికి అది చిన్న సంగతి కాదు. మందుచీటీ అత్తవారి కంటబడితే విడాకులంటారని దాచుకునేవారున్నారు. జబ్బు పేరొక్కటే విడాకులకు చాలదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

ఉద్దానంలో మరో భయం ఉంది. కిడ్నీ జబ్బుతో మనుషులు పోవడం కళ్లారా చూసిన ఊళ్లివి. "ఈ మాత్ర నా కిడ్నీలను ఏం చేస్తుంది?" అని అక్కడి స్త్రీ అడిగితే అది జబ్బు లక్షణం కాదు, అడగవలసిన ప్రశ్న. ఉద్రేకం, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే జబ్బుకు ఇచ్చే లిథియం కిడ్నీల ద్వారానే బయటకు పోతుంది. ఏళ్ల తరబడి వాడితే వాటిని దెబ్బతీయవచ్చు కూడా. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినా, కొన్ని నొప్పి మాత్రలు వేసుకున్నా రక్తంలో దాని పాలు పెరుగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందూ, వాడుతున్నంత కాలమూ రక్తపరీక్షలు చేయాలి.

మందులు వద్దని నేననడం లేదు. వాటివల్ల నిద్రపట్టి, భయం తగ్గి, తిరిగి పనిలోకి వచ్చినవారున్నారు. హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు. అయితే తెలియకుండా అన్నంలో కలిపి పెట్టడం పరిష్కారం కాదు. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె అన్నాన్ని కూడా అనుమానిస్తుంది.

2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తన చికిత్స గురించి తాను నిర్ణయించుకునే హక్కును ఆమెకిచ్చింది. ఏ చికిత్స కావాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో బాగున్న రోజుల్లోనే రాసిపెట్టుకోవచ్చు. ఆ మనిషి భర్తే కానక్కరలేదు. అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు.

టెక్కలిలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో వైద్యుడి దగ్గరికి తోడు వెళ్లినప్పుడు ఆమె బదులు మనం మాట్లాడవద్దు. మోతాదు తగ్గించవచ్చా, మందు మార్చవచ్చా, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేస్తారు అని ఆమె అడిగేదాకా, వైద్యుడు జవాబు చెప్పేదాకా పక్కన నిలబడదాం.