కువైటు వలస – ప్రభుత్వముల కట్టుబాట్లు



మన కడప, కర్నూలు సీమలకు వలస క్రొత్త గాదు. 1876-78 నాటి క్షామమున పెక్కు కుటుంబములు గంజి దొరకు చోటు వెదకికొని ఊళ్లు విడిచిపోయినవి. నేటి వలస సముద్రము దాటినది. రాయచోటి, రాజంపేట, రైల్వే కోడూరు, బద్వేలు ప్రాంతముల స్త్రీలు పలువురు ఇంటిపనికై కువైటునకు పోవుచున్నారు. వీరి విషయమున రెండు ప్రభుత్వములు చేసిన కట్టుబాట్లు ఎవరిని కాచుచున్నవో విచారింతము.

1983లో భారత ప్రభుత్వము వలసల చట్టము చేసెను. దానిని బట్టి, పనివారిని విదేశములకు పంపు దళారి ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. పదవ తరగతి ముగింపనివారు కువైటు వంటి దేశములకు పనికి పోవుటకు వలసదారుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. అట్లు ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పది యేండ్లు నిండవలెనని నియమము పెట్టిరి. అట్టివారిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెనని 2016లో నిర్ణయించిరి.

ఉద్దేశము మంచిదే. కాని ఇంటి అప్పు ముప్పది యేండ్లు నిండువఱకు ఆగునా? తలవాకిలి మూసియుండుటచే, ఇరువదియైదేండ్ల స్త్రీని దళారి సందర్శకుల వీసాపై దొడ్డిదారిన దాటించుచున్నాడు. ఆమె పేరు మన ప్రభుత్వపు లెక్కలకు ఎక్కదు. ఆపద వచ్చినపుడు ఆమె జాడ తెలియుట కష్టము.

కువైటున పనివారి అకామా కఫీలు చేతిలో నుండును. బాధ లోర్వలేక ఇల్లు వెడలిన స్త్రీపై పారిపోయినదను ఫిర్యాదు పడును. 2015లో ఆ ప్రభుత్వమును చట్టము చేసెను: పని దినమునకు 12 గంటలు మించరాదు, వారమున కొకదినము విశ్రాంతి, పాసుపోర్టును యజమానుడు ఉంచుకొనరాదు. అయినను నాలుగు గోడల నడుమ దాని నమలుపరచుట సులభము గాదు. 2018, 2020, 2024 సంవత్సరములలో పత్రములు లేనివారు జరిమానా లేకుండ స్వదేశమునకు పోవచ్చునని క్షమాభిక్ష ప్రకటించిరి. అది దయయే, కాని బాధపడి ఇల్లు వెడలిన దానికి క్షమాభిక్ష యేల?

కావున మన మడుగవలసినది వాకిలి మూయుమని గాదు, కావలి యుంచి తెరువుమని. అంతవఱకు పెద్దలు చేయదగిన పని కలదు. దళారి నమోదుపత్రమును అడిగి చూడుడు. “వీసా అక్కడ మార్పింతును” అను మాట నమ్మకుడు. పాసుపోర్టు, వీసా, ఒప్పందముల నకళ్లను ఇంట భద్రపరపింపుడు. కువైటులోని భారత రాయబార కార్యాలయపు ఫోను సంఖ్యను పోవు స్త్రీచే కంఠస్థము చేయింపుడు.

సెలవు.