ఆ ఓచరు నా దగ్గరే ఉంది

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉండవచ్చు. ఈ రోజు నా మనవడి గురించి చెబుతాను. వాడి అనుమతి తీసుకునే చెబుతున్నాను.

వాడికి 21 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం ఇంజనీరింగు చదువు మధ్యలో ఆపేశాడు. తలుపు గడియ వేశానా లేదా అని ఇరవైసార్లు చూసుకునేవాడు. చేతులు పగిలేదాకా కడిగేవాడు. మానసిక వైద్యులు ఓ.సి.డి. అన్నారు. మందులు, కౌన్సెలింగు మొదలయ్యాయి. కొంత తగ్గాక డాక్టరుగారికి మరో సందేహం కలిగి ఆటిజం పరీక్షకు పంపారు.

ఆ పరీక్షకు మన దేశంలో వాడే కొలమానాల్లో ఒకదాన్ని సికింద్రాబాదులోని జాతీయ సంస్థే తయారుచేసింది. అందులో 40 అంశాలు. మొత్తం 70 లోపు వస్తే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు స్వల్పమని లెక్క. మావాడికి 68 వచ్చింది. "కొన్ని లక్షణాలు ఉన్నవి. ఓ.సి.డి. కూడా ఉన్నందున, బాల్య వివరాలు చాలనందున నిర్ధారించలేము" అని రాశారు. "ఉందో లేదో చెప్పరేం నాన్నా?" అని మా అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ట్రెజరీలో 34 ఏళ్ళు పనిచేసినవాణ్ణి. ఓచరు లేదని ఎన్ని బిల్లులు తిప్పి పంపానో! ఇదీ అలాంటి అబ్జెక్షనే. ఆ ఓచరు నా దగ్గరే ఉందని నాకు తెలుసు.

అమ్మాయీ అల్లుడూ పైఊళ్ళో ఉద్యోగాలు చేస్తుంటే, వాణ్ణి నాలుగేళ్ళు నిండేవరకు పెంచింది నేనూ మా ఆవిడా. ఇప్పుడామె లేదు. పరీక్షలో బాల్యం గురించి అడిగితే "అందరి పిల్లల్లాగే" అన్నాను. అది అబద్ధం. పిలిస్తే పలికేవాడు కాదు. మనం అన్నమాటే తిరిగి అనేవాడు. అగ్గిపెట్టెలు గంటలకొద్దీ వరుసపెట్టేవాడు. కుక్కరు కూతకు చెవులు మూసుకుని మంచం కింద దూరేవాడు. డాక్టరుకు చూపించమని నర్సరీ టీచరు ఉత్తరం కూడా రాసింది. నలుగురూ ఏమనుకుంటారోనని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆ ఉత్తరం పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. డాక్టరుగారు కోప్పడలేదు. విడమర్చి చెప్పారు. ఆటిజం పసితనం నుంచే ఉంటుంది. ఓ.సి.డి. సాధారణంగా ఆ తర్వాత మొదలవుతుంది. అగ్గిపెట్టెలు పేర్చేటప్పుడు వాడికి హాయి, గడియ చూసుకునేటప్పుడు నరకం. చూసేవాళ్ళకు రెండూ ఒకటే. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆటిజాన్నీ, మానసిక అనారోగ్యాన్నీ వేర్వేరుగానే పేర్కొంది.

రెండో రిపోర్టులో రెండూ రాశారు. మందులు మారలేదు. మారింది మా తీరు. చెప్పాపెట్టకుండా చుట్టాలను ఇంటికి పిలవడం మానేశాం. రేపటి పనులు ఈ రోజే కాగితం మీద రాసి ఇస్తున్నాం. "అయితే నేను మొండివాణ్ణి కాదన్నమాట తాతయ్యా" అన్నాడు వాడు. నాకు నోట మాట రాలేదు.

మిత్రులారా, తేలని రిపోర్టు చేతికొస్తే తేలినదానికి వైద్యం ఆపకండి. ఏ వివరం చాలలేదో అడిగి తెలుసుకోండి. పరువుకు వెరవక ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 2022లో ప్రారంభమైన టెలి మానస్ ఉంది, నంబరు 14416. మనవల బాల్యానికి సర్వీసు రిజిస్టరు మనమే. అందులో తప్పుడు ఎంట్రీ వేయకండి. నేను వేశాను కనుకే చెబుతున్నాను.