లప్పం పని

(భీమడోలులో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)



రిటైరయ్యాక కాలక్షేపం గురించి మాట్లాడమన్నారు. నాకు తెలిసినది కొయ్యతో చిన్న నమూనాలు చేయడం. ఇప్పుడు కొల్లేటి తాటిదోనె ఒకటి, అసలుకు 20వ వంతులో, నడుస్తోంది. మా మనవలు చేపల చెరువులు చూశారే గాని దోనె చూడలేదు. కాబట్టి అది దోనెలాగే ఉండాలి.

చెక్కడం కంటే లప్పం పని కష్టమండీ. 20వ వంతు నమూనా మీద అర మిల్లీమీటరు గీత మిగిలితే, అసలు దోనె మీద సెంటీమీటరు గాడితో సమానం. పిల్లల కళ్ళు ముందు దాన్నే పట్టుకుంటాయి.

ఈ విద్యలో మనకు గురువులు కొండపల్లివారు. తెల్లపొణికి కర్రతో బొమ్మ భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి జిగురులో రంపపు పొట్టు కలిపిన ‘మక్కు’తో అతుకుతారు. ఆరాక ఆకురాయి పట్టి, సున్నం పూత వేసి, ఆ తరువాతే రంగులు. ఆ పొట్టు ఊరికే కలపరు. ఒట్టి జిగురైతే తడి ఆరేకొద్దీ కుంచించుకుపోయి బీటలిస్తుంది.

కార్లకు పెట్టే ఎన్.సి. పుట్టీ గుణమూ అంతే. గుంటను ఒకేసారి నింపితే పైన పొర కట్టి లోపల పచ్చిగా ఉంటుంది; కొన్నాళ్ళకు పల్లం మళ్ళీ తేలుతుంది. పల్చగా, పొర ఆరాక పొర వేయాలి. తొందరేముంది? మన పింఛను ఎలాగూ ఒకటో తారీఖుకే గదా! లోతైన గుంటకైతే రెండు ముద్దలు కలిపే ఎం-సీల్ మేలు. గోడల పుట్టీ జోలికి పోకండి, కర్ర మీద పెచ్చులూడుతుంది.

ఉప్పుకాగితాన్ని ఒట్టి వేలితో రుద్దితే వేలి మేర పల్లం పడుతుంది. చదునైన చెక్కముక్కకు చుట్టి రుద్దండి. ప్రైమరు వేశాకనే 400, తరువాత 600 నంబరు నీటికాగితం. ముందే తడి తగిలితే పీచు లేస్తుంది. దీపం పక్కనుంచి పెడితే మిట్టపల్లాలు నీడలుగా కనిపిస్తాయి. చూపు మందగించినవారు కళ్ళు మూసుకొని వేలికొనలతో తడమండి, కంటి కంటే అదే నయం.

ఆయాసం ఉన్నవారు మరీ జాగ్రత్త. దుమ్ముకు ముక్కుకు మాస్కు, థిన్నరు వాసనకు తెరిచిన కిటికీ. పొయ్యి దగ్గర అసలు వద్దు, థిన్నరు ఇట్టే అంటుకుంటుంది.

తాటిమాను వలయాలను, నారను మాత్రం పూడ్చకండి. అద్దంలా మెరిస్తే అది దోనె కాదు, షోకేసు బొమ్మ. అతుకులు, ఉలి గాట్ల వరకే లప్పం.

నా దోనెకు రెండో పొర ఆరుతోంది. వచ్చే వారం మనవలు వస్తున్నారు. చూడదలచినవారు ఆదివారం మా ఇంటికి దయచేయండి. సెలవు.